18,446,744,073,709,551,615 (సంఖ్య)

18,446,744,073,709,551,615 అనునది 20 అంకెలు గల ఒక సహజ సంఖ్య. ఇది 2⁶⁴ − 1 కు సమానం. అనగా రెండును అరవైనాలుగు సార్లు వేసి గుణించగా వచ్చే లబ్ధం కన్నా ఒకటి తక్కువ. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున రెట్టింపు చేస్తూ పోతే 64 గడులలోను కలిపి ఉండవలసిన గింజల సంఖ్య ఇదే. గణిత చరిత్రలోను, పొడుపు కథలలోను, కంప్యూటర్ల నిర్మాణంలోను మరల మరల ఎదురుపడే ఈ సంఖ్యకు తెలుగు సాహిత్యంలో కూడ ఒక స్థానం ఉంది. పావులూరి మల్లన పేర ప్రచారంలో ఉన్న ఒక పద్యం దీనిని ఒక్క అంకె కూడ పొల్లుపోకుండ చెబుతుంది.

మన పద్ధతిలో చదవవలసి వస్తే ఇది ఒక లక్షా ఎనభైనాలుగు వేల నాలుగు వందల అరవైయేడు కోటికోట్ల, నలభైనాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్ల, తొంభైయైదు లక్షల యాభైయొక్క వేల ఆరు వందల పదిహేను. తొమ్మిదవ శతాబ్దానికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో 24 స్థానాలకు పేర్లు పెట్టాడు. అందులో ఇరవైయవ స్థానం పేరు మహాశంఖం. కనుక ఆయన లెక్కలో ఇది ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలతో మొదలయ్యే సంఖ్య అవుతుంది.

సంకలితం ఎలా వస్తుంది

ఒకటితో మొదలై రెట్టింపు అవుతూ పోయే సంఖ్యల వరుస ఒక గుణశ్రేణి. దాని మొత్తాన్ని కనుగొనడానికి 64 సంఖ్యలనూ వ్రాసి కూడనక్కరలేదు. మొత్తాన్ని ఒకసారి రెట్టింపు చేసి, దాని నుండి అసలు మొత్తాన్ని తీసివేసి చూద్దాం. రెట్టింపు చేసిన శ్రేణి 2, 4, 8 అని మొదలై 2⁶⁴ తో ముగుస్తుంది. అసలు శ్రేణి 1, 2, 4 అని మొదలై 2⁶³ తో ముగుస్తుంది. నడుమ ఉన్నవన్నీ రెండింటిలోను ఉన్నాయి కనుక కొట్టుకుపోతాయి. మిగిలేది 2⁶⁴ − 1.

ఇక 2⁶⁴ విలువ కట్టడానికి 63 సార్లు గుణించడం కూడ అనవసరం. 64 స్వయంగా 2⁶ కనుక ఆరు సార్లు వర్గం చేస్తే చాలు:

2 → 4 → 16 → 256 → 65,536 → 4,294,967,296 → 18,446,744,073,709,551,616

ఇటువంటి కుదింపు మన దేశంలో చాలా పాతది. లఘు గురువులతో ఏర్పడే వృత్తాల సంఖ్యను కట్టడానికి పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పిన సూత్రాలు, సగం చేయగలిగినప్పుడు వర్గం చేయడం, చేయలేనప్పుడు రెట్టింపు చేయడం అనే పద్ధతిపైనే నడుస్తాయి. పై వరుసలో చివరి మెట్టు మాత్రం చేతితో చేసేవారికి శ్రమతో కూడుకున్నది. పది అంకెల సంఖ్యను అదే సంఖ్యతో గుణించాలి కదా.

చదరంగపు గింజల కథ

చదరంగాన్ని కనిపెట్టిన సిస్సా అనే పండితుడు రాజును బహుమానంగా గింజలు కోరిన కథ అందరికీ తెలిసినదే. వ్రాతలో దొరికే పాత రూపాలలో 1256లో ఇబ్న్ ఖల్లికాన్ చెప్పినది ప్రసిద్ధం. అయితే లెక్క ఈ కథనం కంటె పాతది. అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో వ్రాసిన ప్రాచీన జాతుల కాలగణన గ్రంథంలో ఈ మొత్తాన్ని 20 అంకెలతోను సరిగా ఇచ్చాడు. ఆయన వాడినది కూడ గడుల విలువలను వర్గం చేస్తూ పోయే పద్ధతే.

పలకపై మొదటి వరుసలు దాటేవరకు రాజుకు అనుమానం రాకపోవడంలో వింత లేదు. వెయ్యి బియ్యపు గింజలు సుమారు 25 గ్రాములు తూగుతాయని అనుకుందాం. పదహారు గడులు నిండేసరికి మొత్తం 65,535 గింజలు, అనగా ఒక కిలోన్నరకు కాస్త పైన. ఇరవై గడులకు ఒక బస్తా, అనగా 26 కిలోలు. సగం పలక, అంటే 32 గడులు పూర్తయ్యేసరికి 4,294,967,295 గింజలు. తూకం వేస్తే దాదాపు 107 టన్నులు. ఇది కొన్ని లారీల సరుకు మాత్రమే, ఏ రాజైనా ఇవ్వగలడు.

రెండవ సగంలో పరిస్థితి తారుమారవుతుంది. మొత్తం గింజలు మొదటి సగానికి 4,294,967,297 రెట్లు. తూకం సుమారు 46,100 కోట్ల టన్నులు. ప్రపంచమంతటా ఏడాదికి పండే బియ్యం ప్రస్తుతం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన ఉంటుంది కనుక, ఇది దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ పంట. ఘనపు మీటరు బియ్యం 800 కిలోలు తూగుతాయనుకుని ఈ రాశిని భారతదేశమంతటా సమంగా పరిస్తే, కొండలు నదులు అని చూడకుండా 17 సెంటీమీటర్ల మందాన పరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నేల మీద మాత్రమే పోస్తే (రెండూ కలిపి 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు) ఎత్తు రెండు మీటర్లు దాటుతుంది. నిలబడిన మనిషి కనబడడు.

లెక్కపెట్టి ఇవ్వడం ఇంకా కష్టం. సెకనుకు ఒక గింజ చొప్పున రాత్రింబవళ్ళు లెక్కించినా సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు 1,380 కోట్ల సంవత్సరాలని నేటి అంచనా.

ఈ కథను తిరిగి చెప్పేవారిలో చాలామంది చివరి అంకెను 6 గా వ్రాస్తుంటారు. అది 2⁶⁴. అన్ని గింజలు పలక మీద లేవు. అరవైయైదవ గడి ఉండి ఉంటే అందులో ఉండవలసిన సంఖ్య అది.

పావులూరి మల్లన పద్యం

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగులోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఈయన రాజరాజనరేంద్రుని కాలం వాడని, అనగా 11వ శతాబ్దానికి చెందినవాడని ఎక్కువమంది సాహిత్య చరిత్రకారుల అభిప్రాయం. చదరంగపు గడుల సంకలితాన్ని చెప్పే చంపకమాల పద్యం ఒకటి ఈయన పేర వాడుకలో ఉంది. అందులో అంకెలు భూతసంఖ్యల రూపంలో ఉంటాయి.

భూతసంఖ్య అనగా ఒక అంకెకు బదులు, లోకంలో అన్ని ఉన్నట్లు అందరికీ తెలిసిన వస్తువు పేరు వాడడం. ఆకాశం శూన్యం కనుక 0. చంద్రుడు 1. అగ్నులు 3. వేదాలు, సముద్రాలు, బ్రహ్మ ముఖాలు 4. మన్మథుని బాణాలు 5. తర్కాలు 6. కులపర్వతాలు 7. దిగ్గజాలు 8. శరీరంలోని రంధ్రాలు 9. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమ వైపునకు పేర్చుకుంటూ పోవాలి. అందుచేత పద్యంలో మొదట వినబడే మాట మన సంఖ్యలో చివరి అంకె అయిన 5 ను, చివర వినబడే సంఖ్యావాచకం మొదటి అంకె అయిన 1 ని సూచిస్తుంది.

ఇరవై మాటలలో కవి చేసిన ఎంపిక గమనించదగినది. ఈ సంఖ్యలో 1 మూడు చోట్ల వస్తుంది. మూడింటికీ చంద్రుని పర్యాయపదాలే వాడబడ్డాయి. మూడు ఏడులకూ కొండ పేర్లే, మూడు అయిదులకూ బాణం పేర్లే, రెండు సున్నలకూ ఆకాశం పేర్లే. నాలుగు సార్లు వచ్చే 4 కు మాత్రం సముద్రం, వేదం, బ్రహ్మముఖం అని వేర్వేరు వస్తువులు. ఈ పర్యాయపదాల వలన కవికి గణాలు కుదుర్చుకునే వీలు కలిగింది. అదే గణబంధం వలన సంఖ్యకు రక్షణ కూడ కలిగింది. అంకెలతో వ్రాసిన తాళపత్రంలో 7 బదులు 1 పడితే పట్టుకునేందుకు ఆధారం ఉండదు. పద్యంలో ఒక మాట జారిపోతే గణం తప్పుతుంది, యతి చోట గాని ప్రాస చోట గాని అయితే చెవికే తెలిసిపోతుంది. వ్రాయసకాడు ఒక కొండ పేరు బదులు అదే కొలతకు సరిపోయే మరొక కొండ పేరు వ్రాసినా విలువ మారదు. నేటి కంప్యూటర్ శాస్త్రంలో దోషాలను పట్టుకొనుటకు అదనపు అంకెలు చేర్చే పద్ధతులతో దీనిని పోల్చవచ్చు.

అంకెల గురించి మరొక చిన్న విశేషం. కేవలం రెండులను గుణించుకుంటూ వచ్చిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కసారి కూడ లేదు. మిగిలిన తొమ్మిది అంకెలూ ఉన్నాయి. అంకెల మొత్తం 87. కనుక ఇది 3 చే నిశ్శేషంగా భాగించబడుతుంది, 9 చే భాగించబడదు.

కారణాంకాలు

రెండు వర్గాల భేదాన్ని మొత్తం, భేదాల లబ్ధంగా వ్రాయవచ్చునని పాఠశాలలో నేర్చుకునే సూత్రాన్ని ఇక్కడ ఆరు సార్లు వరుసగా వాడవచ్చు:

2⁶⁴ − 1 = (2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)
= 4,294,967,297 × 65,537 × 257 × 17 × 5 × 3

కుడి వైపున ఉన్నవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఇటువంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో పియర్ ద ఫెర్మా నమ్మాడు. 3, 5, 17, 257, 65,537 విషయంలో ఆ నమ్మకం నిజమే. ఆ తరువాతి సంఖ్య అయిన 4,294,967,297 ను 1732లో లియొనార్డ్ ఆయిలర్ విడగొట్టి చూపాడు:

4,294,967,297 = 641 × 6,700,417

641 వంటి చిన్న సంఖ్య చే భాగించబడుతుందని తెలియక దాదాపు ఒక శతాబ్దం గడిచిపోయింది. ఆయిలర్ గుడ్డిగా వెదకలేదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 యొక్క ఏదో ఒక గుణిజం కన్నా ఒకటి ఎక్కువ అయి తీరాలని ఆయన నిరూపించాడు. ఆ లెక్కన ప్రయత్నించవలసిన ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదవదే జవాబు. 1878లో ఎడువార్ లూకా ఈ నియమాన్ని ఇంకా బిగించి, 64 బదులు 128 యొక్క గుణిజాలు చూస్తే చాలునన్నాడు. అప్పుడు మిగిలేవి 257, 641. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు, 257 స్వయంగా ఫెర్మా సంఖ్య. కనుక మొదటి ప్రయత్నమే 641 అవుతుంది.

భాగహారం చేయకుండానే 641 సరిపోతుందని చూపే ఒక చక్కని యుక్తి ఉంది. 641 = 5 × 2⁷ + 1. కనుక 5 × 2⁷ ను 641 చే భాగించగా శేషం −1 అనుకోవచ్చు. దానిని నాలుగవ ఘాతానికి తీసుకుపోతే 5⁴ × 2²⁸ కు శేషం 1. మరొక వైపు 641 = 625 + 16, అనగా 5⁴ + 2⁴. కనుక 5⁴ ఉన్న చోట −2⁴ ఉంచవచ్చు. అప్పుడు −2³² కు శేషం 1 అవుతుంది. అనగా 2³² + 1 కు శేషం సున్న.

ఈ విధంగా మన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 6,700,417

ఏ ప్రధాన సంఖ్యా రెండు సార్లు రాలేదు కాబట్టి 1, తాను కలుపుకొని దీనికి 2⁷ = 128 భాజకాలు ఉన్నాయి. తాను తప్ప మిగిలిన భాజకాలన్నీ కలిపినా ఈ సంఖ్యలో సుమారు 70 శాతమే వస్తుంది. కనుక ఇది పరిపూర్ణ సంఖ్యలకు దిగువనే ఉండిపోతుంది. 7, 11, 13 వంటి చిన్న ప్రధాన సంఖ్యలు ఇందులో లేకపోవడానికి ఒక కారణం ఉంది. ఏ ప్రధాన సంఖ్య దీనిని భాగించాలన్నా, రెండు యొక్క ఘాతాల శేషాలు ఆ ప్రధాన సంఖ్య వద్ద 2, 4, 8, 16, 32, 64 లలో ఒక నిడివి గల చక్రంగా తిరగాలి. 7 వద్ద చక్రం నిడివి 3, 11 వద్ద 10, 13 వద్ద 12. కనుక అవి పొసగవు.

మొదటి అయిదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం 3 × 5 × 17 × 257 × 65,537 = 4,294,967,295. పైన చదరంగపు సగం పలకలో చూసిన సంఖ్య ఇదే. దీనికి క్షేత్రగణితంలో ఒక గౌరవం ఉంది. వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి గీయగల క్రమ బహుభుజులలో, భుజాల సంఖ్య బేసి అయిన వాటిలో, ఇప్పటివరకు తెలిసిన అతి పెద్దది 4,294,967,295 భుజాలు గలది. 1796లో గౌస్ 17 భుజాల ఆకృతిని గీయవచ్చునని కనుగొనడంతో ఈ విషయం వెలుగులోకి వచ్చింది. 1837లో వాంజెల్ దాని హద్దులను నిరూపించాడు. పూర్తి పలక సంఖ్యకు, అనగా 2⁶⁴ − 1 భుజాల ఆకృతికి, ఈ భాగ్యం లేదు. 641, 6,700,417 ఫెర్మా సంఖ్యలు కావు కదా.

పొరుగు సంఖ్యలు

ఒక్కొక్క అడుగు దూరంలో స్వభావం ఎంత మారుతుందో చూడవచ్చు. 2⁶⁴ లో రెండు తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేదు. దాని తరువాతిది 18,446,744,073,709,551,617. ఇదీ ఫెర్మా సంఖ్యే. 274,177 × 67,280,421,310,721 అని దీనిని విడగొట్టి 1880లో ఫార్చూన్ లాండ్రీ ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 82. 2⁶⁴ కన్నా చిన్నవైన ప్రధాన సంఖ్యలలో అతి పెద్దది 2⁶⁴ − 59.

2⁶⁴ − 1 మెర్సెన్ ప్రధాన సంఖ్య కాజాలదు. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడ సంయుక్త సంఖ్యే అవుతుంది. దీనికి దిగువన దగ్గరలో ఉన్న మెర్సెన్ ప్రధాన సంఖ్య 2⁶¹ − 1. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో ఇది లేదు. 1883లో ఇవాన్ పెర్వుషిన్ దీనిని నిరూపించాడు.

బ్రహ్మ గోపురం

ఫెర్మా కారణాంకాల విషయంలో పైన పేర్కొన్న ఎడువార్ లూకాయే 1883లో "హనోయి గోపురం" అనే ఆటవస్తువును విడుదల చేశాడు. తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి "సయాం దేశపు క్లాస్" అనే మారుపేరు పెట్టుకున్నాడు. మూడు కడ్డీలు, ఒకదానిపై పెద్దది అడుగున చిన్నది పైన ఉండేటట్లు బిళ్ళలు. ఒకసారి ఒక బిళ్ళనే కదపాలి, చిన్నదానిపై పెద్దది పెట్టరాదు. అన్నింటినీ వేరొక కడ్డీకి చేర్చాలి. దీనికి జోడించిన కథలో కాశీలోని ఒక ఆలయంలో బ్రహ్మ నిలిపిన 64 బంగారు బిళ్ళలను పూజారులు రాత్రింబవళ్ళు కదుపుతుంటారని, ఆ పని ముగిసిననాడు లోకం అంతమవుతుందని ఉంది. కాశీలో అటువంటి గుడి లేదు. కథ పూర్తిగా పారిస్‌లో పుట్టినదే.

అడుగు బిళ్ళను కదపాలంటే ముందు దానిపైనున్న వాటినన్నిటినీ ఒక కడ్డీకి చేర్చాలి, ఆ తరువాత వాటినన్నిటినీ మరల దానిపైకి తేవాలి. కనుక ఒక బిళ్ళ పెరిగినప్పుడల్లా కదలికల సంఖ్య రెట్టింపై ఒకటి చేరుతుంది: 1, 3, 7, 15, 31. అరవైనాలుగు బిళ్ళలకు సరిగ్గా 2⁶⁴ − 1 కదలికలు.

కంప్యూటర్లలో

ద్వియాంశ పద్ధతిలో ఈ సంఖ్య వరుసగా 64 ఒకట్లు. పదహారు ఆధారంగా గల పద్ధతిలో 16 ఎఫ్‌లు. 64 బిట్ల గడిలో ఋణ సంఖ్యలకు చోటు ఉంచకపోతే పట్టే గరిష్ఠ సంఖ్య ఇదే. దీనికి ఒకటి కలిపితే మైలురాయి తిరిగిన మీటరు వలె గడి సున్నకు వస్తుంది. ఋణ సంఖ్యలు కూడ కావలసినచోట ఇదే 64 ఒకట్ల వరుసను −1 గా చదువుతారు, అప్పుడు గరిష్ఠ సంఖ్య 9,223,372,036,854,775,807 అవుతుంది.

ఇంత పెద్ద హద్దును దాటేదెవరు అనిపించవచ్చు. కాని 2010 ఆగస్టు 15న బిట్‌కాయిన్ వ్యవస్థలో అదే జరిగింది. ఎవరో ఒక లావాదేవీలో రెండు చెల్లింపులు వ్రాశారు. ఒక్కొక్కటి 9,223,372,036,854,277,039 అతి చిన్న నాణేలు. విడివిడిగా రెండూ హద్దుకు లోబడినవే. వాటిని కూడినప్పుడు మొత్తం 2⁶⁴ కు 997,538 మాత్రమే తక్కువ. ఋణ సంఖ్యలు గల గడిలో అది −997,538 గా కనబడింది. ఇచ్చేది వచ్చేదాని కన్నా తక్కువే కదా అని ప్రోగ్రాము దానిని అంగీకరించింది. మొత్తంమీద 2.1 కోట్లకు మించి పుట్టకూడని నాణేలు ఒక్క లావాదేవీతో 18,446 కోట్లు పుట్టాయి. కొన్ని గంటలలోనే ప్రోగ్రామును సరిచేసి ఆ ఖాతా పుటను రద్దు చేశారు.

మామూలు లెక్కలలో కూడ ఈ సంఖ్య ఇబ్బంది పెడుతుంది. సాధారణంగా వాడే దశాంశ గణనలో 64 బిట్ల గడిలో 53 బిట్ల మేరకే కచ్చితత్వం ఉంటుంది. అందుచేత ఆ పద్ధతిని వాడే ప్రోగ్రాములలో 2⁶⁴ − 1, 2⁶⁴ ఒకే విలువగా నిలుస్తాయి. స్ప్రెడ్‌షీటును ఈ సంఖ్య ఎంత అని అడిగితే పదిహేను అంకెల వద్ద ఆగి 18,446,744,073,709,600,000 అని చూపిస్తుంది. ఇరవై అంకెలూ కావలసినవారు పూర్ణసంఖ్యలకు ప్రత్యేకంగా ఉద్దేశించిన ప్రోగ్రాములను ఆశ్రయించాలి, లేదా మల్లన పద్యాన్ని కంఠస్థం చేయాలి.